ఆరిళ్ల చుట్టం

మాది చిన్న సంస్థ. ఆఫీసు లేదు, బోర్డు లేదు. నిజామాబాద్ వినాయక్‌నగర్‌లో గంగామణి ఇంటి ముందు గదిలో నెలకోసారి కూర్చుంటాం. ఆమె చాయ్ పోస్తుంది. మేం కాసేపు లోకం మీద విరుచుకుపడి, ఆ తర్వాత పనిలోకి దిగుతాం. ఊరు వదిలి రావాల్సి వచ్చిన పిల్లల చదువు ఆగకుండా చూడటమే ఆ పని. మహారాష్ట్ర నుంచి బోధన్ చుట్టుపక్కలకు చెరుకు కొట్టడానికి దిగే కుటుంబాల పిల్లలు, ప్రాజెక్టుల కింద ఊళ్లు పోయినవాళ్ల పిల్లలు, ఎక్కడో గొడవలకు భయపడి మూటాముల్లె సర్దుకుని వచ్చినవాళ్ల పిల్లలు. ఫీజులు కడతాం, పుస్తకాలు కొంటాం, ఉండే చోటు లేకపోతే మాలోనే ఎవరో ఒకరి ఇంట్లో పెట్టుకుంటాం. అందరం ఉద్యోగాల నుంచి రిటైరైనవాళ్లమే. నేను టీచరమ్మను. గంగామణి మోర్తాడ్ దిక్కు ఊళ్లన్నీ తిరిగిన నర్సమ్మ. ఇప్పటికీ మా అందరికీ బీపీ చూసేదీ, అందరి మీదా పెత్తనం చేసేదీ ఆమే.

ఈ చలికాలం చెరుకు కొట్టడానికి వచ్చిన ఒక జంట కూతురు రేణుకను, మా శారద మేడం తన ఇంట్లో ఉంచుకుంది. ఎనిమిదో తరగతి పిల్ల. ఎలా ఉందో చూసి వద్దామని నేనూ గంగామణీ వెళ్లాం. ఆ పిల్ల సోఫా అంచున, ఎవరైనా లెమ్మంటే లేవడానికి వీలుగా కూర్చుని ఉంది. ముందు ప్లేటు నిండా బిస్కెట్లు. ఒక్కటీ ముట్టలేదు. శారద మురిసిపోతూ చెప్పింది: “ఎంత మంచి పిల్లో! నోట్లోంచి మాట రాదు. పుల్ల తీసి పక్కన పెట్టనివ్వడం లేదు మేం. ఏం కావాలన్నా క్షణంలో తెచ్చి ముందు పెడుతున్నాం.” గంగామణి ఆ పిల్లను కాసేపు చూసి, “ఎప్పుడన్నా తిట్టిండ్రా?” అని అడిగింది. శారద బిత్తరపోయింది. “అయ్యో, ఆ పిల్లనెందుకు తిడతాం అక్కా?” అంది. “అయితే పోతది. ఇంకో నెల గూడ ఆగది,” అని గంగామణి చెప్పులేసుకుంది.

వచ్చేటప్పుడు ఆటోలో నేను నవ్వు ఆపుకోలేకపోయాను. గంగామణి మాత్రం కిటికీ లేని ఆ ఆటోలోంచి రోడ్డు వైపు చూస్తూ, “మీ అవ్వ యాదికచ్చింది సరోజా,” అంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. నాకూ నవ్వు ఆగిపోయింది. మా అవ్వ పోయి ఎన్నేళ్లయిందో! ఆమెను ఇలా గుర్తు చేసుకునేవాళ్లు ఇప్పుడు మేమిద్దరమే మిగిలాం. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఇల్లు బోధన్‌లో, శక్కర్‌నగర్‌కు పోయే దారిలో ఉండేది. చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజులవి. గాలి ఇటు తిరిగితే ఇంట్లో ఉన్న గుడ్డలన్నిటికీ మొలాసిస్, అదే చెరుకు మడ్డి, వాసన పట్టేది. పుల్లగా, తీయగా, కొత్తవాళ్లకు కడుపులో తిప్పే వాసన. మాకు మాత్రం అది లేకపోతే ఆకలి వేసేది కాదు. చెరుకు బండ్లు మా గుమ్మం ముందే వరుస కట్టి నిలబడేవి. ఎడ్ల మెడ గంటలు, బండివాళ్ల కేకలు, దారిలో రాలిన చెరుకు ముక్క కోసం మా పరుగులు. ఇంట్లో పొద్దు సైరన్‌తో మొదలై సైరన్‌తో ముగిసేది. బాపు మొదటి కూతకు చెలక పనికి బయలుదేరేవాడు. అమ్మ ఆ కూతకే పొయ్యి మీద ఎసరు పెట్టేది. అవ్వ మాత్రం సైరన్ కంటే ముందే లేచి తిట్లతో దినం మొదలుపెట్టేది.

మా నాయనమ్మ రాజవ్వను మేం అవ్వ అనేవాళ్లం. తిట్టే నోరు, తిరిగే కాలు ఊరుకోవంటారు. మా అవ్వకు ఆ రెండూ ఉండేవి. తలుపు కిర్రుమంటే తలుపును తిట్టేది. గుడ్డు పెట్టని కోడిని తిట్టేది. సైరన్ ఆలస్యమైతే ఫ్యాక్టరీని మొత్తంగా తిట్టేది. ఇక నన్నయితే చెప్పనే అక్కర్లేదు. జడ వదులైతే ఒక తిట్టు, అన్నం మెతుకు కింద పడితే ఒక తిట్టు, జ్వరం వస్తే మాత్రం ఏకధాటిగా తిట్టేది. నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, “ఎండల తిరుగకే అంటే ఇన్నవా, నీ నోట్లె మన్నువొయ్య,” అంటూ నా పక్కనే కూర్చునేది. ఆ తిట్లు వింటూనే నాకు నిద్ర పట్టేది. నాకు తెలిసి ఆమె తిట్టనిది ఇద్దరినే. ఒకరు దేవుడు. రెండోది ఇంటికి వచ్చిన చుట్టం.

ఆ రోజుల్లోనే గోదావరి మీద పెద్ద ప్రాజెక్టు కట్టారు. మా వైపు వాళ్లు గోదావరిని గంగ అంటారు. గంగ నీళ్లు వెనక్కి తన్ని ఒడ్డునున్న ఊళ్లు మునిగాయి. ఆ ఊళ్లవాళ్లను తెచ్చి రెంజల్ దాటినాక ఒక కాలనీలో దించారు. అక్కడ చిన్న పిల్లలకు బడి పెట్టారు గానీ పెద్ద బడి లేదు. మా లెక్కల సారు ఒకరోజు మా అరుగు మీదికి వచ్చి, మునక ఊరి పిల్ల ఒకతి బాగా చదువుతుందనీ, బోధన్‌లో చేర్పించాననీ, ఉండటానికీ తినడానికీ దిక్కు లేదనీ చెప్పాడు. “మా దగ్గర పడుకుంటది. తిండి మాత్రం వీధి పెట్టాలె,” అంది అవ్వ. మనం ఒక్కళ్లమే పెట్టలేమా అని బాపు అడిగితే అవ్వ ఇలా అంది: “ఒక్కిల్లు పెడితే సాదుకునుడైతది. ఆరిళ్లు పెడితే సదువైతది. రేపు మనకు కోపమచ్చినా పిల్ల ఉపాసముండదు.” ఆ మాట మీదే మా వీధిలో వారాలు మొదలయ్యాయి. సోమవారం మాది. మంగళవారం కిరాణా కొట్టు వీరేశం వాళ్లది. గురువారం మరాఠీ మాట్లాడే గణపతిరావు గారింట్లో, శుక్రవారం టైలర్ ఖాదర్ సాబ్ ఇంట్లో. అలా శనివారం దాకా ఆరిళ్లు. పుస్తకాలూ బట్టలూ కూడా ఆ ఆరిళ్లవాళ్లే తలా ఇంత వేసుకుని కొన్నారు. ఆదివారం ఆ పిల్ల బస్సెక్కి అమ్మ దగ్గరికి పోయేది.

ఆ పిల్లే గంగామణి. రెండు జడలు, మోకాళ్ల కింది దాకా లంగా, చంకలో గుడ్డసంచి. వచ్చిన రోజు అవ్వ గారెలు వేసింది. మామూలుగా పండగకు తప్ప మా ఇంట్లో నూనె మూకుడు పొయ్యెక్కదు. మరునాడు వీరేశం భార్య, మా గారెల మాట విని, పూర్ణం పెట్టి పోలెలు చేసింది. ఇక చూడండి! బుధవారంవాళ్లు పాయసం, గురువారం నేతిలో తడిసిన పూరన్‌పోళీ, శుక్రవారం ఖాదర్ సాబ్ ఇంట్లో పాలూ ఖర్జూరాలూ పోసిన సేమియా. ఒక వారంతో ఆగుతుందనుకుంటే అది పంతమై కూర్చుంది. మా ఇంట్లో తక్కువ చేశామన్న మాట రాకూడదని ఆరిళ్లలో ఆడవాళ్లూ ఒళ్లు దాచుకోకుండా వండారు. “ఊరు మునిగితే మునిగింది గని, పిల్ల గారెల బుట్టల వడ్డది,” అని వీధిలో అందరూ నవ్వుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. గారెలు ఆమెకు, తిట్లు నాకు!

ఆమెను ఏ పనీ ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. మా వైపు ఇంటికి వచ్చినవాళ్ల చేత కంచం ఎత్తించారంటే ఆ ఇంటి పరువు పోయినట్టే. గంగామణి తిని కంచం పట్టుకుని లేవబోతే అవ్వ చేతిలోంచి లాగేసుకునేది. బిందె ముట్టుకుంటే అమ్మ పరిగెత్తుకొచ్చేది. ఆ పిల్ల చాప అంచున కూర్చునేది, గోడకు ఆనుకునేది కాదు. వడ్డించక ముందే “సాలు” అనేది. ఒకసారి సన్నటి గొంతుతో, “అవ్వా, గట్క ఉన్నదా?” అని అడిగింది. మేం ఇంటివాళ్లం పొద్దున్నే జొన్న రవ్వ ఉడికించిన గట్క తిని, మజ్జిగ తాగి లేచేవాళ్లం. గిన్నెలో ఇంకా ఉంది కూడా. అవ్వ నొచ్చుకుంది. “సుట్టానికి గట్క వెడితే నలుగురు నగరా బిడ్డా? పొయ్యి మీద పాయసమున్నది, జరంత ఆగు,” అంది. గంగామణి తల వంచుకుని పాయసం తింది. మూడు నెలలు అన్ని విందులు తిని ఆ పిల్ల చిక్కిపోయింది. దిష్టి తగిలిందని వీరేశం భార్య మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది.

అర్ధసంవత్సర పరీక్షలు దగ్గరికి వచ్చాయి. ఒక ఆదివారం పోయిన గంగామణి సోమవారం తిరిగి రాలేదు. ఆమె కోసం చేసిన గారెలు చల్లారిపోయాయి. అవ్వ వాటిని నన్ను కూడా ముట్టనివ్వలేదు. మంగళవారం వీరేశం భార్య గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. బుధవారం వీధిలో పెద్ద గొడవ. ప్రతి ఇల్లాలికీ పక్కింటివాళ్లే పిల్లను ఏదో అనుంటారని అనుమానం. “మా ఇంట్ల ఏం తక్కువ జేసినం? నెయ్యి తక్కువేసిన్నా?” అని ఒకరు. “మొన్న మీ ఇంట్ల తిని అచ్చినంక మొఖం వాడవట్టుకున్నది,” అని ఇంకొకరు. లెక్కల సారు వచ్చి, పరీక్షలకు రాకపోతే పేరు కొట్టేస్తారనీ, ఆ కాలనీలో పిల్లలందరినీ బీడీలకు కూర్చోబెడుతున్నారనీ చెప్పి తల పట్టుకున్నాడు. బీడీల చాట ఒకసారి ఒళ్లోకి వచ్చిందంటే ఆ పిల్ల ఇక పుస్తకం పట్టదని మా జిల్లాలో అందరికీ తెలిసిందే. అవ్వ కొంగు దోపి, “ఏ, సరోజా, పా,” అంది.

రెంజల్ దాకా బస్సు, అక్కడి నుంచి నడక. అవ్వ దారి పొడుగునా ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. నాకు అది చూసి భయం వేసింది. కాలనీలో ఇళ్లన్నీ ఒకే కొలత, ఒకే రేకు కప్పు. పెరడు లేదు, గడ్డివాము లేదు, పేడ వాసన లేదు. ప్రతి గుమ్మంలో ఆడవాళ్లు వరుసగా కూర్చుని తునికాకు కత్తిరిస్తున్నారు. తంబాకు ఘాటుకు నాకు తుమ్ములు ఆగలేదు. గంగామణి కూడా తన తల్లి సాయవ్వ పక్కన కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చేతిలో కత్తెర. మమ్మల్ని చూసి చివాల్న లేచింది. చెంబుతో నీళ్లు తెచ్చి అవ్వ కాళ్లకు పోసింది, నాకు పీట వేసింది, పోయి గోడకు ఆనుకుని నిలబడింది. అంత స్వేచ్ఛగా నిలబడ్డ గంగామణిని నేను చూడటం అదే మొదటిసారి. ఆ పిల్ల అంత అందంగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు.

“ఏమైంది సాయవ్వా? పిల్లకు పానం మంచిగ లేదా?” అని అవ్వ అడిగింది.

“పానం మంచిగనే ఉన్నదవ్వా. మీరు మా పిల్లకు ఏం తక్కువ జెయ్యలే, మీ కడుపు సల్లగుండ.” సాయవ్వ కత్తెర ఆపకుండానే చెప్పింది. “గని సుట్టపుతనం ఎన్నొద్దులవ్వా? మూడొద్దులు. మీరు మూడు నెలలు వెట్టిండ్రు. ఊరు మునగక ముందు మా కల్లం కాడికి ఎవలచ్చినా ఒట్టి చేతులతోని తోలలే మేము. గా చెయ్యి గిట్ల పట్టుమంటే అస్తలేదు.” ఆమె అరచేయి వెల్లకిలా తిప్పి, చాచి చూపించింది. తర్వాత మళ్లీ ఆకు అందుకుంది. “ఆళ్ల బాపు బొంబాయి పోయిండు. నాకు తోడు బీడీలు జేస్తది. గంతే.”

అవ్వ గంగామణి వైపు తిరిగింది. “నీకు సదువుకోవాలెనని లేదా బిడ్డా?”

గంగామణి కళ్లలో నీళ్లు నిండాయి. “ఉన్నదవ్వా.”

“మరెందుకచ్చినవ్?”

ఆ పిల్ల నన్ను చూపిస్తూ, “నువ్వు సరోజను తిడ్తవు, నన్ను తిట్టవు,” అంది.

మా అవ్వ నోట మాట పడిపోవడం నా జీవితంలో ఆ ఒక్కసారే చూశాను. కొంగు చివర నోటికి అడ్డం పెట్టుకుని నేల వైపు చూస్తూ ఉండిపోయింది. మూడు నెలల గారెలూ పాయసాలూ ఆమె కళ్ల ముందు తిరిగి ఉంటాయి. కాసేపటికి కొంగు దించింది. గొంతు సవరించుకుంది. ఆ సవరింపు నాకు బాగా తెలుసు. నేను పీట మీద సర్దుకుని కూర్చున్నాను.

“ఓసి దొంగపిల్లా! మూడు నెలలసంది నా ఇంట్ల తిని ఒక్కనాడన్న ఒక్క గిన్నె తోమినవానే? నేను ముసలిదాన్ని కంచం గుంజుకుంటే ‘నువ్ జరుగవ్వా’ అననీకె నోరు లేదా నీకు? పండుకున్న సాప సుట్టినవా? వాకిలూడ్చినవా? పైకెంచి పరీక్షలు ముంగటవెట్టుకోని ఈడచ్చి ఆకు కత్తిరిస్తున్నవా, నీ సదువు సట్టుబండలుగాను! జడ సూడు, పేను మేసినట్టున్నది. లే, లే ముందుగాల!”

చుట్టుపక్కల గుమ్మాల్లో కత్తెరలు ఆగిపోయాయి. సాయవ్వ లేచి నిలబడింది, ఆమె ముఖం ఎర్రబడింది. ఒక్క క్షణం అక్కడ కొట్లాట అవుతుందనే అనుకున్నాను. అప్పుడు గంగామణి నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. చెంపల మీద నీళ్లు కారుతుంటే పళ్లన్నీ కనిపించేలా నవ్వి, లంగా మీద తంబాకు పొడి దులుపుకుంది. కూతుర్ని చూసి సాయవ్వకు అర్థమైంది. మళ్లీ కూర్చుని, చాట పక్కకు జరిపింది.

“తోలుత అవ్వా. గని ఒక్క మాట,” అంది చివరికి. “ఆరు దినాలు మీయి. ఐతారం నాది. గా దినం మీ మనుమరాలు మా ఇంట్ల తినాలె. గట్లయితేనే తోలుత.”

అవ్వ తటపటాయించింది. ఆ గదిలో మూల ఒక చిన్న జొన్నల మూట తప్ప ఇంకేమీ లేదు. లేనివాళ్ల దగ్గర తినడానికి పిల్లను పంపితే వీధి ఏమంటుందో, బాపు ఏమంటాడో! ఆ లెక్కలన్నీ ఆమె ముఖంలో కనిపిస్తూనే ఉన్నాయి. “ఏం వెడ్తవే?” అని అడిగింది.

“గట్క వెడ్త. ఇంకేమున్నది?”

“ఉల్లిగడ్డ?”

“ఉల్లిగడ్డ, తొక్కు.”

“అయితే తోలిస్త,” అంది అవ్వ.

ఆ మరుసటి సోమవారం మా ఇంట్లో గంగామణికి గట్క పెట్టారు. నెల తిరిగేలోపు మా వీధికి ఆ పిల్లను తిట్టడం అలవాటైంది. మొదట్లో వీరేశం భార్యకు నోరు రాలేదు. ఖాదర్ సాబ్ భార్య అయితే తిట్టబోయి నవ్వేసేది. కొన్నాళ్లకు గంగామణి శుక్రవారం టైలర్ ఇంట్లో కాజాలూ గుండీలూ కుట్టేది, మంగళవారం కొట్టులో పప్పు చెరిగేది, మా ఇంట్లో నాతో వాదులాడి చాపలో ఎక్కువ చోటు తీసుకునేది. ఒళ్లు చేసింది కూడా. ఆదివారాలు మేమిద్దరం కలిసి రెంజల్ బస్సెక్కేవాళ్లం. సాయవ్వ చేతి గట్క మా ఇంటి గట్క కంటే గట్టిగా ఉండేది. మధ్యలో గుంట చేసి పచ్చిపులుసు పోసేది. మెతుకు కింద పడితే అవ్వ కంటే పెద్ద గొంతుతో తిట్టేది. తిన్నాక నా చేత కూడా ఆకు కత్తిరింపించేది, వంకరగా కత్తిరిస్తే నెత్తి మీద మొట్టేది. పరీక్షల ముందు ఆదివారాల్లో మాత్రం చాట మూల పెట్టి, ఇద్దరినీ గుమ్మంలో వెలుతురుకు కూర్చోబెట్టి, తాను చదవలేని పుస్తకాల మీద ఈగలు వాలకుండా విసనకర్రతో విసిరేది.

ఇప్పుడు మా సంస్థ ఫీజు నేరుగా బడి ఖాతాలో వేస్తుంది. అది మంచిదే, ఎవరి ముందూ చేయి చాపక్కర్లేదు. ఏడాదికోసారి పిల్లలను వేదిక మీద నిలబెట్టి ఫొటో తీస్తాం. వాళ్లు చేతులు కట్టుకుని థ్యాంక్యూ చెబుతారు. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా గంగామణి మూతి తిప్పుకుంటుంది, “అందరు సుట్టాల లెక్కనే ఉన్నరు,” అంటుంది. మేం ఆ పిల్లల ఇళ్లకు పోయి వివరాలు కనుక్కుంటామే గానీ వాళ్ల అమ్మలు ఏమైనా పెడితే, ఇప్పుడే తిన్నాం అని లేచి వస్తాం. అందులో మర్యాదే ఉంది అనుకుంటాం. శారద మొన్న ఫోన్ చేసింది. తడి టవల్ పరుపు మీద వేసిందని రేణుకను నోరారా కేకలేసిందట. ఆ పిల్ల మరాఠీలో ఏదో ఎదురు చెప్పి, టవల్ తీసి ఆరేసి, మొదటిసారి వంటింట్లోకి వచ్చి డబ్బాలన్నీ తెరిచి చూసిందట. ఇంకా అక్కడే ఉంది. చెరుకు కొట్టే గుడిసెల దగ్గరికి వచ్చే ఆదివారం శారదను భోజనానికి తీసుకెళ్తానని గంగామణి అంటోంది. శారద భయపడుతోంది గానీ వస్తుంది.

మేమిద్దరం పదో తరగతి ఒకేసారి పాసయ్యాం. ఆ సాయంత్రం మా అరుగు మీద ఆరిళ్లవాళ్లూ చేరారు. మునక ఊరి పిల్లను పది గట్టెక్కించామని వీధి వీధంతా గర్వంతో ఊగిపోతోంది. ఎవరింటి పాయసం వల్ల పాసైందో తేల్చుకోలేక ఆడవాళ్లు సరదాగా కీచులాడుకుంటున్నారు. లెక్కల సారు అందరికీ చేతులు జోడిస్తున్నాడు. అప్పుడు సాయవ్వ వచ్చింది. కబురు విని బస్సెక్కి, ఉతికిన చీర కట్టుకుని, కొంగులో బెల్లంముక్క కట్టుకుని వచ్చింది. అందరూ పక్కకు జరిగి, గంగామణిని ముందుకు తోసి, “ఇగో, నీ బిడ్డ,” అన్నారు. సాయవ్వ కూతుర్ని ఒకసారి చూసి, దాటి నా దగ్గరికి వచ్చింది. కొంగు ముడి విప్పి బెల్లం నా నోట్లో పెట్టింది. తంబాకు వాసన వేసే ఆ చేతులతో నా చెంపలు రెండూ పట్టుకుని, మా బాపు వైపు, వీధి మొత్తం వైపు తిరిగి, నవ్వుతూ చెప్పింది:

“మా ఇంట్ల వారం తిన్న పిల్ల పాసయ్యింది.”

మా అవ్వ లేచి, ఆరిళ్లవాళ్లు కూర్చున్న చాప మీద తన పక్కనే చోటు చేసి, ఆమెను కూర్చోమంది.